ఏడేళ్లు, 63 మిలియన్ డాలర్లు: ల్యూక్ హ్యూస్ అంతకు తగినవాడేనా?

నెవార్క్_రైలు
అక్టోబర్ 2, 2025, ఉదయం 7:40

నిన్నటి వార్త అందరూ చూసే ఉంటారు. ఎన్‌హెచ్‌ఎల్ (ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్)లో మన టీమ్ న్యూజెర్సీ డెవిల్స్, డిఫెన్స్‌మన్ ల్యూక్ హ్యూస్‌తో ఏడేళ్లకు ఒప్పందం కుదుర్చుకుంది. మొత్తం 63 మిలియన్లు, అంటే ఏడాదికి 9 మిలియన్లు, మన లెక్కలో 90 లక్షల డాలర్లు. అబ్బాయికి 22 నిండి నెల కూడా కాలేదు.

ముందే చెబుతున్నా, ల్యూక్ అంటే నాకు చాలా ఇష్టం. 2023 ఏప్రిల్‌లో వాషింగ్టన్ మీద, లీగ్‌లో తన రెండో ఆటలోనే ఓవర్‌టైమ్ గోల్ కొట్టినప్పుడు నేను వేసిన కేకకి ఇంట్లో పడుకున్నవాళ్లందరూ లేచారు. అయినా ఈ అంకె చూశాక మనసు కుదుటపడలేదు. రెండు పూర్తి సీజన్లలో 153 ఆటలు, 91 పాయింట్లు (కొట్టిన గోల్స్, గోల్‌కి అందించిన అసిస్టులు కలిపి). డిఫెన్స్‌మన్‌కి మంచి అంకెలే, కాదనను. కానీ మన టీమ్‌లోనే ఆడే అతడి అన్న జాక్ తీసుకునేది ఏడాదికి 8 మిలియన్లు. కెప్టెన్ నీకో హిషియర్‌ది 7.25. యెస్పర్ బ్రాట్‌ది 7.875. వాళ్లందర్నీ దాటి తమ్ముడికి 9 ఇవ్వాల్సినంత ఏం చూశారు?

ఇంకో మాట. ఈ బేరంలో పైచేయి క్లబ్‌దే. ల్యూక్‌కి ఆర్బిట్రేషన్‌కి, అంటే జీతం మధ్యవర్తితో తేల్పించుకోవడానికి, వెళ్లే హక్కు లేదు. వేరే టీమ్ ఆఫర్ షీట్ (పోటీ కాంట్రాక్ట్) ఇవ్వడానికీ రూల్స్ ఒప్పుకోవు. డిసెంబర్ 1 లోపు సంతకం పెట్టకపోతే ఈ సీజన్ మొత్తం ఆడే వీలే లేదు. ఇన్ని మంచి ముక్కలు చేతిలో ఉండి కూడా జనరల్ మేనేజర్ టామ్ ఫిట్జ్‌జెరాల్డ్ ఎందుకు దిగొచ్చాడో నాకు అర్థం కాలేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

---

పక్‌పిచ్చి
ఉదయం 7:52

అన్నా, సంతకం అయిపోయింది, సంతోషపడు! సీజన్ ముందు జరిగే ప్రాక్టీస్ క్యాంప్ మొత్తం, కాంట్రాక్ట్ లేక, ల్యూక్ లేకుండా గడిచింది. రోజూ ఫోన్ తీసి చూడటం, ఏమీ లేదని పెట్టేయడం. ఆ టెన్షన్ తీరింది, నాకు అదే చాలు.

---

లెక్కల_మాస్టారు
ఉదయం 8:31

రైలు గారూ, డాలర్లను డాలర్లతో పోలిస్తే ఈ లీగ్‌లో ఎప్పుడూ లెక్క తప్పుతుంది. శాలరీ క్యాప్‌లో, అంటే ఒక టీమ్ జీతాలకి పెట్టగల గరిష్ఠ మొత్తంలో, ఎంత శాతమో చూడాలి. ప్రతి టీమ్‌కీ ఉన్న సంచి ఒకటే సైజు, అందులో ఒక ఆటగాడు ఎంత చోటు తీసుకుంటున్నాడన్నదే అసలు ధర.

జాక్ 2021 నవంబర్ 30న ఎనిమిదేళ్లకు 64 మిలియన్లకు సంతకం పెట్టాడు. ఆ కాంట్రాక్ట్ మొదలైన 2022-23లో క్యాప్ 82.5 మిలియన్లు. అంటే 9.7 శాతం. ఈ ఏడాది క్యాప్ 95.5. ల్యూక్ 9 మిలియన్లు అంటే 9.4 శాతం. అన్న కన్నా తమ్ముడికి తక్కువే పడింది.

అసలు కిటుకు ఆ తర్వాత ఉంది. వచ్చే ఏడాది క్యాప్ 104, ఆ పై ఏడాది 113.5 అని లీగ్, ప్లేయర్స్ అసోసియేషన్ కలిసి ముందే ప్రకటించాయి. కాబట్టి ల్యూక్ వాటా 8.7కి, ఆ తర్వాత 7.9కి దిగుతుంది. రెండేళ్లు తిరక్కుండానే ఈ 9, ఇప్పటి ఏడున్నరలా కనిపిస్తుంది.

సాటివాళ్లనూ చూడండి. ఒట్టావాలో జేక్ శాండర్సన్ 8.05 మిలియన్లు, మొదలైనప్పుడు 9.1 శాతం. బఫెలోలో ఓవెన్ పవర్ 8.35, అంటే 9.5 శాతం. అతడు సంతకం పెట్టేనాటికి ఆడింది ఒక్క పూర్తి సీజన్, 35 పాయింట్లు. మిన్నెసోటాలో బ్రాక్ ఫేబర్ 8.5, అంటే 8.9 శాతం. మొన్ననే అదే మిన్నెసోటా కిరిల్ కప్రిజోవ్‌కి ఏడాదికి 17 మిలియన్లు రాసిచ్చింది. మార్కెట్ ఇలా ఉన్నప్పుడు 9 విడ్డూరమేమీ కాదు.

---

పాత_డెవిల్
ఉదయం 9:15

మాస్టారూ, శాతాలు బాగానే ఉన్నాయి. కానీ 9 మిలియన్ల డిఫెన్స్‌మన్ మనకి కొత్త కాదు, అది మర్చిపోవద్దు.

పి.కె. సుబ్బన్ గుర్తున్నాడా? 2013లో లీగ్‌లో ఉత్తమ డిఫెన్స్‌మన్‌కిచ్చే నోరిస్ ట్రోఫీ గెలిచాడు. మరుసటి ఏడాది, పాతికేళ్ల వయసులో, ఎనిమిదేళ్లకు 72 మిలియన్లు. సరిగ్గా ఏడాదికి 9. రెండేళ్లకే మాంట్రియల్ అతణ్ణి నాష్‌విల్‌కి పంపేసింది. 2019లో మన దగ్గరికి వచ్చాడు. ఆ మొదటి సీజన్‌లో నేను ప్రుడెన్షియల్ సెంటర్‌లో చాలా ఆటలు చూశాను. 68 ఆటల్లో 18 పాయింట్లు. మనిషి మంచివాడు, పిల్లలతో ఎంత బాగా ఉండేవాడో. కానీ కాళ్లలో ఆ వేగం పోయింది. చెక్కు మాత్రం 9 మిలియన్లకే వెళ్లేది.

ఐలాండర్స్ సంగతి చెప్పనా? గోలీ (గోల్‌కీపర్) రిక్ డిపియెట్రోకి 2006లో పదిహేనేళ్లకు 67.5 మిలియన్లు ఇచ్చారు. ఆ తర్వాత ఒకదాని వెనక ఒకటి గాయాలు. 2013లో బయౌట్ చేసి, అంటే మిగిలిన డబ్బులో కొంత కట్టేలా కాంట్రాక్ట్ రద్దు చేసి, వదిలించుకున్నారు. అయినా ఏడాదికి ఒకటిన్నర మిలియన్ చొప్పున 2029 దాకా కడుతూనే ఉంటారు.

కుర్రవాళ్లకి ఇవ్వొద్దు అనను. 22 ఏళ్లవాడి మీద ఏడేళ్లు పెట్టేటప్పుడు ఆట ఒక్కటే కాదు, ఒళ్లు కూడా నిలబడాలి. ల్యూక్ భుజం సంగతి ఎవరూ ఎత్తట్లేదేం?

---

పక్‌పిచ్చి
ఉదయం 9:22

సుబ్బన్ మన దగ్గరికి 30 ఏళ్లకి వచ్చాడు కదా అన్నా. ల్యూక్ కాంట్రాక్ట్ అయిపోయేసరికే 28 ఉంటాయి. ఆ పోలిక పొసగదు.

---

రింక్_అమ్మ
ఉదయం 10:48

అంకెలు నాకు అంతగా తెలియవు, కంటితో చూసింది చెబుతాను. మా అమ్మాయి హాకీలో డిఫెన్స్ ఆడుతుంది. అందుకే ఆటకి వెళ్లినప్పుడల్లా మేమిద్దరం ల్యూక్‌నే చూస్తాం, పక్ ఎక్కడున్నా సరే.

ఎదుటివాళ్ల జోన్ అంచున ఉండే బ్లూలైన్ దగ్గర అతడి చేతికి పక్ వచ్చాక జరిగేది ఒక్కసారి గమనించండి. కర్ర ముందుకి పెట్టి, మోకాళ్లు వంచి, బోర్డుల వైపు పోతున్నట్టు భుజం వంచుతాడు. ఎదురుగా ఉన్న వింగర్ అటే కాలు వేస్తాడు. ఆ కాలు ఐస్ మీద ఆనీ ఆనకముందే ల్యూక్ నడుము ఇటు తిప్పేస్తాడు. పక్ మాత్రం కర్రకి అంటుకున్నట్టే ఉంటుంది. రెండు అడుగుల్లో లైన్ మధ్యకి వచ్చేస్తాడు. గోలీకి ఎదురుగా ఇద్దరు ముగ్గురు నిలబడిపోయి ఏమీ కనపడదు. ఇదంతా ఒక్క శ్వాసలో. మా అమ్మాయి ఇంటికొచ్చి హాల్లో సాక్స్‌తో అదే ప్రయత్నిస్తుంది. నాలుగు నెలలైంది, ఇంకా రాలేదు.

అతడిలో నచ్చనిది కూడా చెబుతాను. మన నెట్ వెనక మూలలో ఒక బరువైన ఫార్వర్డ్ పక్‌కి అడ్డంగా వీపు పెట్టి నిలబడితే ల్యూక్ ఒంటితో తొయ్యడు, కర్ర చాపుతాడు. చాపిన కర్రకి పక్ దొరికితే బ్రహ్మాండం. దొరక్కపోతే అవతలివాడు తిరిగి నెట్ ముందుకి వచ్చేస్తాడు. మా అమ్మాయి కోచ్ అయితే దీనికి ఆపకుండా తిడతారు. ఒక్కోసారి మన జోన్‌లోంచి బయటికి తెచ్చేటప్పుడు ముగ్గురి మధ్యలోంచి పాస్ వేద్దామని చూస్తాడు, అది కాస్తా ఎదుటివాళ్ల కర్రకి వెళ్తుంది.

నా ఉద్దేశంలో 9 మిలియన్లలో ఆరు ఇప్పుడు ఉన్న ఆటకి, మూడు రావాల్సిన ఆటకి. ఆ మూడూ వస్తాయా అన్నదే ప్రశ్న.

---

నెవార్క్_రైలు
ఉదయం 11:20

అమ్మగారూ, నా మనసులో మాట చెప్పారు. శాండర్సన్, ఫేబర్ ఇద్దరూ పెనాల్టీ కిల్‌లో (తమ టీమ్‌లో ఒకడు తక్కువైనప్పుడు) నిలబడేవాళ్లు, ఎదుటి టీమ్‌లో పెద్ద పెద్ద లైన్ల మీద ఆడేవాళ్లు. ల్యూక్ పెనాల్టీ కిల్‌లో తక్కువగానే కనిపిస్తాడు. రాత్రికి 21 నిమిషాలు ఆడుతున్నాడు, నిజమే. కానీ ఏ 21 నిమిషాలు అన్నది ముఖ్యం కదా. మాస్టారు శాతాల్లో ఇద్దరినీ పక్కపక్కన పెట్టారు. ఐస్ మీద పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది.

నా మొదటి ప్రశ్న అలాగే ఉంది. క్లబ్ చేతిలో అన్ని ముక్కలుండగా రెండు మూడేళ్ల చిన్న కాంట్రాక్ట్, అదే బ్రిడ్జ్ డీల్, ఎందుకు ఇవ్వలేదు? ఏ ఆరో ఏడో మిలియన్లకి. డిఫెన్స్ నేర్చుకుంటే అప్పుడు 9 కాదు, 11 ఇద్దాం. నేను చప్పట్లు కొడతాను.

---

లెక్కల_మాస్టారు
మధ్యాహ్నం 12:05

ఇప్పుడు అసలు విషయానికి వచ్చారు. దీనికి కాస్త ఓపిగ్గా జవాబు చెప్పాలి.

ఏడు పూర్తి సీజన్లు లెక్కలో పడినా, లేదా 27 ఏళ్లు నిండినా ఆటగాడు యూఎఫ్‌ఏ అవుతాడు. అంటే ఎవరితోనైనా సంతకం పెట్టుకోవచ్చు, పాత క్లబ్‌కి పైసా రాదు. ల్యూక్‌కి ఇప్పటికి లెక్కలో పడినవి రెండు సీజన్లు. ఇంకో ఐదు ఆడితే ఏడు. అంటే 2030 వేసవికి స్వేచ్ఛ.

ఇక జాక్ కాంట్రాక్ట్ ఎప్పుడు ముగుస్తుందో చూడండి. అదీ 2030 వేసవే.

ల్యూక్ ఐదేళ్లకి పెట్టి ఉంటే అన్నదమ్ములిద్దరూ ఒకే రోజు తలుపు దగ్గర నిలబడేవారు. ఇద్దరూ ఒకే ఏజెన్సీ, ఒకే ఇల్లు, ఒకే మాట. ఆ వేసవిలో ఫిట్జ్‌జెరాల్డ్ కుర్చీలో ఎవరున్నా వాళ్ల చేతిలో ఒక్క ముక్క కూడా ఉండదు. ఇప్పుడు క్లబ్‌దే పైచేయి అన్నారు కదా, ఆ పైచేయిని డబ్బు తగ్గించడానికి వాడలేదు, ఏళ్లు పెంచడానికి వాడారు. ఏడేళ్లలో మొదటి ఐదూ ఎలాగూ మనవే. చివరి రెండే కొన్నవి: 2030-31, 2031-32. ఆ రెండేళ్లకి అతడికి 27, 28 ఏళ్లు. డిఫెన్స్‌మన్‌కి పండే వయసు. అప్పటికి క్యాప్ 113.5 దగ్గరే ఆగి ఉంటుందని ఎవరూ అనుకోవట్లేదు. మొదటి ఐదేళ్లకి కాస్త ఎక్కువ కట్టి చివరి రెండింటినీ చవగ్గా కొనుక్కున్నారు.

బ్రిడ్జ్ డీల్ ఇచ్చి ఉంటే మూడేళ్ల తర్వాత ఆర్బిట్రేషన్ హక్కుతో, 2028 క్యాప్‌తో, స్వేచ్ఛకి రెండేళ్ల దూరంలో కూర్చుని బేరమాడేవాడు. మీరన్న 11 అప్పుడు 11 దగ్గర ఆగేదని నాకు నమ్మకం లేదు.

---

పాత_డెవిల్
మధ్యాహ్నం 12:40

2030 సంగతి నాకు తట్టలేదు. ఇది మాత్రం గట్టి పాయింట్.

---

చలి_సాయంత్రం
మధ్యాహ్నం 1:10

మాస్టారి లెక్కకి ఒక పాత సాక్ష్యం. 2016 వేసవిలో కొలరాడో నేథన్ మెకినన్‌కి ఏడేళ్లకు ఏడాదికి 6.3 మిలియన్లు ఇచ్చింది. అంతకు ముందు సీజన్‌లో అతడు చేసింది 52 పాయింట్లు. ఎక్కువ ఇచ్చారని అప్పట్లో అన్నవాళ్లు చాలామంది. ఆ కాంట్రాక్ట్ అయిపోయేలోపే, 2022లో, లీగ్ ఛాంపియన్లకిచ్చే స్టాన్లీ కప్ ఎత్తాడు. లీగ్‌లో అంతకన్నా చవక బేరం లేదని అందరూ ఒప్పుకున్నారు.

మన జాక్‌ని చూడండి. సంతకం పెట్టేనాటికి రెండు సీజన్లలో 117 ఆటలు, 52 పాయింట్లు. పైగా భుజం జారి అప్పటిదాకా బయటే కూర్చున్నాడు. మరుసటి ఏడాది 43 గోల్స్, 56 అసిస్టులు. ఒక సీజన్‌లో 99 పాయింట్లంటే మన క్లబ్ చరిత్రలోనే రికార్డు, పాట్రిక్ ఎలియాష్ 96ని దాటేశాడు. 2021లో ఆ 8 మిలియన్లు దండగ అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. అందుకే ఈసారి నోరు పారేసుకోదల్చుకోలేదు.

---

ఫిజియో_అక్క
మధ్యాహ్నం 2:25

భుజం సంగతి ఎత్తారు కాబట్టి. ల్యూక్ భుజానికి సరిగ్గా ఏమైందో బయటివాళ్లం మనం చెప్పలేం, ఊహించడం తప్పు కూడా. నేను రోజూ చూసే భుజాల గురించి మాత్రం చెబుతాను.

భుజం కీలు ఒంట్లో అన్నిటికన్నా స్వేచ్ఛగా తిరిగేది. అందుకే అన్నిటికన్నా తేలిగ్గా జారేది. చిన్న పళ్లెంలో పెద్ద బంతి పెట్టినట్టు ఉంటుంది. ఆ పళ్లెం అంచున ఉండే మెత్తటి గట్టు చిరిగితే, కుర్రవయసులో, అందులోనూ ఒంటికి ఒళ్లు తగిలే ఆటల్లో, మళ్లీ జారే అవకాశం ఎక్కువ. ఆపరేషన్ బాగా జరిగి, ఆర్నెల్లు కుదురుగా వ్యాయామం చేస్తే చాలామంది పూర్తిగా కోలుకుంటారు. నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రాడు నొప్పి పోయిన తర్వాత కూడా బోర్డు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ చెయ్యి ఒంటికి దగ్గరగా పెట్టుకునేవాడు. కండరం కోలుకుంది, భయం పోలేదు. అది పోవడానికి ఇంకో మూడు నెలలు పట్టింది.

రింక్_అమ్మ గారు చెప్పిన "ఒంటితో తొయ్యడు, కర్ర చాపుతాడు" చదివినప్పుడు నాకు వెంటనే ఆ కుర్రాడే గుర్తొచ్చాడు. ల్యూక్ విషయంలో కారణం అదే అనట్లేదు. పోయిన ఏడాది సీజన్ మొదలవకముందే భుజం దెబ్బతిని మొదటి వారాలు ఆడలేదు. మళ్లీ ఏప్రిల్‌లో, కరొలైనా మీద ప్లేఆఫ్స్ మొదటి ఆటలోనే బయటికి వెళ్లాడు. ఆ తర్వాత అతడు లేకుండానే ఐదో ఆటలో, రెండో ఓవర్‌టైమ్‌లో మన కథ ముగిసింది. అంతకు ముందే జాక్ కూడా భుజం ఆపరేషన్‌తో మార్చి నుంచి లేడు.

ఈ కాంట్రాక్ట్‌లో నాకు భయం ఉన్నది అంకె దగ్గర కాదు, ఇక్కడే.

---

రింక్_అమ్మ
మధ్యాహ్నం 2:58

అక్కా, ఈ కోణం నాకు తెలియదు. ఇన్నాళ్లూ అది అలవాటు లోపం అనుకున్నాను. ఇక నుంచి ఆ చెయ్యి ఎలా పెడుతున్నాడో కూడా చూస్తాను. మా అమ్మాయికీ చదివి వినిపించాను.

---

ఎడిసన్_టాక్స్
సాయంత్రం 4:15

చిన్న మాట. 9 మిలియన్లు అంటే చేతికి 9 రావు. ఫెడరల్ పై స్లాబ్ 37 శాతం, జెర్సీలో మిలియన్ దాటాక 10.75 శాతం, ఏజెంట్ ఫీజు, పైన లీగ్ ఎస్క్రో పేరుతో జీతంలోంచి పట్టి ఉంచేది. లీగ్ ఆదాయంలో ఆటగాళ్ల వాటా సగం దాటకుండా చూసుకోవడానికి ఆ ఎస్క్రో. ఫ్లోరిడా టీమ్‌లకి స్టేట్ టాక్స్ లేదు. అక్కడ ఇదే ఆటగాడు తక్కువ అంకెకే ఒప్పుకుని ఇంతే ఇంటికి తీసుకెళ్లగలడు. జెర్సీలో టీమ్ నడపాలంటే అంకె కాస్త ఎక్కువ రాయక తప్పదు.

---

పాత_డెవిల్
సాయంత్రం 5:30

ఇంకో గుబులు ఉంది. డ్రెస్సింగ్ రూమ్. హిషియర్ 2017లో కొత్త ఆటగాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటి పిక్. కెప్టెన్‌గా ఎదుటి టీమ్‌లో అందరికన్నా గట్టి లైన్ మీద రోజూ ఆడేది అతడే, కీలకమైన ఫేస్‌ఆఫ్‌కి వెళ్లేదీ అతడే. అతడి 7.25 మిలియన్ల కాంట్రాక్ట్ 2027తో అయిపోతుంది. వచ్చే వేసవి నుంచే మాటలు మొదలవుతాయి. "తమ్ముడికి 9 ఇచ్చారు, నాకెంత?" అని అతడు అడక్కపోయినా అతడి ఏజెంట్ అడుగుతాడు. ల్యూక్ కాంట్రాక్ట్ ధరలో ఆ తేడాని కూడా కలిపి చూడాలి.

---

చలి_సాయంత్రం
సాయంత్రం 5:44

దానికి తోడు వీళ్లిద్దరి పెద్దన్న క్విన్. వాంకూవర్‌లో అతడి కాంట్రాక్ట్ కూడా 2027కే అయిపోతుంది. తమ్ముళ్లతో కలిసి ఆడాలని ఉందని క్విన్ అన్నాడంటూ వాంకూవర్ ప్రెసిడెంట్ జిమ్ రదర్‌ఫర్డే బయటికి చెప్పాడు. ల్యూక్ ఇక్కడ ఏడేళ్లు ఉంటాడని రాసిచ్చేస్తే పెద్దవాడికి అంతకన్నా పెద్ద పిలుపు ఇంకేం కావాలి?

---

లెక్కల_మాస్టారు
సాయంత్రం 6:10

పిలుపు సంగతి సరే, చోటు ఏది? డగీ హామిల్టన్ 9 మిలియన్లు 2027-28 దాకా ఉన్నాయి. 2022లో రెండో పిక్‌గా తెచ్చుకున్న సిమోన్ నెమెట్స్‌కి కూడా వచ్చే వేసవికి కొత్త కాంట్రాక్ట్ కావాలి. హిషియర్ సంగతి పాత_డెవిల్ గారు చెప్పనే చెప్పారు. ఆశ పడటంలో తప్పు లేదు, కానీ ఈ కాంట్రాక్ట్ విలువని క్విన్ వస్తాడన్న ఆశ మీద కట్టకూడదు.

---

పక్‌పిచ్చి
సాయంత్రం 6:22

క్యాంప్ పోయింది కదా, దాని ప్రభావం ఎంత ఉంటుంది? 2018లో టొరంటోలో విలియం నీలాండర్ డిసెంబర్ 1న ఆఖరి నిమిషాల్లో సంతకం పెట్టి వచ్చి ఆ సీజనంతా తేలిపోయాడు. 54 ఆటల్లో 27 పాయింట్లే.

---

రింక్_అమ్మ
సాయంత్రం 7:05

నీలాండర్ రెండు నెలల అసలైన ఆటలు పోగొట్టుకున్నాడు బాబూ. ల్యూక్ పోగొట్టుకున్నది క్యాంప్, ప్రాక్టీస్ ఆటలు. స్కేటింగ్ ఎక్కడికీ పోదు. కానీ పక్కన ఆడేవాడితో మాటామంతీ, ఎవరు ముందుకి వెళ్తే ఎవరు వెనక ఉండాలన్న అలవాటు, అవి క్యాంప్‌లోనే కుదురుతాయి. అక్టోబర్‌లో కొన్ని పొరపాట్లు చూస్తాం. అప్పుడే 9 మిలియన్లు అంటూ మీద పడకండి.

నీలాండర్ ఆ కాంట్రాక్ట్ చివరికి ఎంత చవకైందో కూడా గుర్తు చేసుకోండి.

---

నెవార్క్_రైలు
రాత్రి 9:30

ఆఫీసు నుంచి రైల్లో వస్తూ అన్నీ మళ్లీ చదివాను. పొద్దున రాసినప్పుడు 2030 వేసవి నా ఆలోచనలోనే లేదు. అన్నదమ్ములిద్దర్నీ ఒకే రోజు పోగొట్టుకునే పరిస్థితి తప్పించడానికి ఆ రెండేళ్లు కొన్నారంటే, ఏడేళ్లు సరే, ఒప్పుకుంటున్నా.

9 మాత్రం ఇంకా గొంతు దిగలేదు. మాస్టారు చెప్పినట్టు అది ఏడున్నరలా కనిపించాలంటే క్యాప్ పెరిగితే సరిపోదు. మన మూలలో ఆ బరువైన ఫార్వర్డ్ వీపు పెట్టినప్పుడు ల్యూక్ ఏం చేస్తాడన్నది మారాలి. పవర్ ప్లేలో (ఎదుటివాళ్లు ఒకడు తక్కువైనప్పుడు) పాయింట్లు ఎన్ని వచ్చినా ఏప్రిల్‌లో కరొలైనా లాంటి టీమ్ నాలుగు లైన్లతో మూలల్లోకి తోస్తూనే ఉంటుంది. అక్కడ నిలబడే డిఫెన్స్‌మన్‌కి 9 ఇస్తే నేను ఒక్క మాట అనను. ఫిజియో అక్క రాసింది చదివాక మాత్రం అతణ్ణి చూసే చూపు మారింది. మెత్తగా ఆడుతున్నాడని నేను చాలాసార్లు విసుక్కున్నాను.

సీజన్ మొదటి ఆట 9న, కరొలైనాలోనే. ఏప్రిల్‌లో దెబ్బ తగిలి వెళ్లిపోయిన అదే ఐస్.

---

ఫిజియో_అక్క
రాత్రి 9:48

అవును, అది నేనూ గమనించాను. మొదటిసారి బోర్డు దగ్గరికి వెళ్లేటప్పుడు చూడండి.

---

రింక్_అమ్మ
రాత్రి 10:02

మా అమ్మాయికి మర్నాడు పొద్దున్నే ప్రాక్టీస్ ఉంది. అయినా ఆ రాత్రి మేలుకోనిస్తున్నాను. ఇప్పటికే నోట్‌బుక్‌లో రెండు గడులు గీసి పెట్టుకుంది. ఒకదాని మీద "కర్ర" అని రాసింది, రెండోదాని మీద "ఒళ్లు" అని.